ఇంగ్లీషు వాక్యంలో సబ్జెక్ట్: పాఠకుల సందేహాలు, జవాబులు

ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న హైదరాబాద్ నగర పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఏదో ఒక దారిన సబ్జెక్ట్ దగ్గరికే చేరుతున్నాయి కాబట్టి, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాం. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. వాటిని పైకి చదువుకుంటూ వెళితే విషయం త్వరగా పట్టుబడుతుంది.

ప్రశ్న: మా పాప మూడో తరగతి చదువుతోంది. దాని పుస్తకాలతో నేనూ ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. ‘ఈజ్ రెయినింగ్’ అని రాస్తే తప్పని, ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అని రాయాలని ట్యూషన్ టీచర్ దిద్దారు. ఆ ‘ఇట్’ ఎవరు? ‘వెంట్ టు ద మార్కెట్’ అన్నా తప్పేనట. తెలుగులో ‘బజారుకు వెళ్ళాను’ అంటే సరిపోతుంది కదా? – గృహిణి, ఉప్పల్

జవాబు: మీ ప్రశ్నలోని రెండో భాగంతో మొదలుపెడితే మొదటిది సులువవుతుంది. ‘బజారుకు వెళ్ళాను’ అన్న వాక్యంలో ‘నేను’ కనబడకపోయినా వెళ్ళింది ఎవరో తెలిసిపోతోంది, ఎందుకంటే ఆ సమాచారం క్రియ చివర ఉన్న ‘ను’లోనే ఉంది. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం, వెళ్ళారు, వెళ్ళాయి అంటూ క్రియ ఒక్కటీ పలికితే చాలు, మాట్లాడేవారి గురించా, వినేవారి గురించా, వేరొకరి గురించా, ఒకరి గురించా, పదిమంది గురించా అన్నది వినేవారికి అందుతుంది. ఈ ఏడు రూపాలకూ కలిపి ఇంగ్లీషులో ఉన్నది ‘వెంట్’ అనే ఒకే ఒక్క మాట. ‘వెంట్ టు ద మార్కెట్’ అని ఆపేస్తే నేను వెళ్ళానా, నువ్వు వెళ్ళావా, వాళ్ళు వెళ్ళారా అన్నది క్రియను ఎంత తరచి చూసినా తేలదు. తెలుగులో క్రియాంతం చేసే పనిని ఇంగ్లీషులో క్రియకు ముందున్న స్థానం చేస్తుంది. ఆ స్థానంలో ఉండేదే సబ్జెక్ట్. ‘ఐ వెంట్ టు ద మార్కెట్’ అన్నప్పుడే మీ తెలుగు వాక్యంలోని ‘ను’ ఇంగ్లీషులోకి వచ్చినట్టు.

ఇంగ్లీషు క్రియలకు కూడా ఒకప్పుడు ఇంతకంటే ఎక్కువ ప్రత్యయాలు ఉండేవి. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో ‘దౌ గోయెస్ట్’ (నువ్వు వెళ్తావు), ‘హీ గోయెత్’ (అతను వెళ్తాడు) వంటి రూపాలు ఇప్పటికీ చూడవచ్చు. కాలక్రమంలో అవి అరిగిపోయి, వర్తమాన కాలంలో హీ, షీ, ఇట్‌ల తర్వాత వచ్చే ‘స్’ శబ్దం మాత్రం మిగిలింది. క్రియలో పురుషను, అంటే నేను, నువ్వు, వాళ్ళు అన్న తేడాను, స్పష్టంగా చూపే స్పానిష్ భాషలో తెలుగులో లాగానే సర్వనామాన్ని వదిలేయవచ్చు. ‘ఆబ్లో’ అనే ఒక్క మాటకు ‘నేను మాట్లాడతాను’ అని అర్థం. అయితే ప్రత్యయాలు పోవడం ఒక్కటే దీనికి కారణమని గట్టిగా చెప్పడానికి లేదు, ఎందుకంటే జర్మన్ భాష క్రియాంతాలను బాగానే నిలబెట్టుకున్నా అక్కడ కూడా సబ్జెక్ట్‌ను చెప్పక తప్పదు. నేర్చుకునేవారికి మాత్రం ఈ పోలిక మంచి ఊతం: తెలుగు క్రియ చివర వినబడేదాన్ని ఇంగ్లీషు క్రియకు ముందు వెతకాలి.

ఇక మీ ‘ఇట్’ సంగతి. తెలుగులో ‘వాన కురుస్తోంది’ అంటాం, అంటే వాన అనే నామవాచకమూ, కురవడం అనే క్రియా విడివిడిగా ఉన్నాయి. ఇంగ్లీషులో వాన కురవడం మొత్తాన్ని ‘రెయిన్’ అనే క్రియ ఒక్కటే చెప్పేస్తుంది. కురిసేది కూడా క్రియలోనే కలిసిపోయాక సబ్జెక్ట్ స్థానంలో పెట్టడానికి ఏమీ మిగల్లేదు, కానీ ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచడానికి ఇంగ్లీషు వ్యాకరణం ఒప్పుకోదు. అందుకని ఏ అర్థమూ లేని ‘ఇట్’ను అక్కడ నిలబెడతారు. అది అక్షరాలా ఉత్సవ విగ్రహం. అధికారమంతా క్రియది, పీఠం మాత్రం దానిది. ‘ఏది వాన కురుస్తోంది?’ అని అడిగితే ఎలా జవాబు ఉండదో, ఈ ‘ఇట్’ ఎవరని అడిగినా అలాగే జవాబు ఉండదు. మన నగరంలో ఎక్కువగా వినిపించే ‘రెయిన్ ఈజ్ కమింగ్’ అన్నది ‘వాన వస్తోంది’ అన్న తెలుగు వాక్యానికి ఇంగ్లీషు మాటలు తొడగడమే. దానిలో సబ్జెక్ట్ ఉంది కనుక వ్యాకరణం చెడలేదు, వినేవారికి అర్థమూ అవుతుంది, కానీ ఇప్పుడు కురుస్తున్న వానకు ఇంగ్లీషువారు వాడే వాక్యం అది కాదు.

వాతావరణం, సమయం, రోజు, దూరం చెప్పేటప్పుడు ఈ ‘ఇట్’ దాదాపు తప్పనిసరి. ‘ఎండగా ఉంది’ అన్నదానికి ‘ఇట్ ఈజ్ హాట్’, ‘ఐదయింది’ అన్నదానికి ‘ఇట్ ఈజ్ ఫైవ్ ఓ క్లాక్’, ‘ఇవాళ సోమవారం’ అన్నదానికి ‘ఇట్ ఈజ్ మండే టుడే’, ‘ఇక్కడి నుంచి వరంగల్ సుమారు 150 కిలోమీటర్లు’ అన్నదానికి ‘ఇట్ ఈజ్ అబౌట్ 150 కిలోమీటర్స్ ఫ్రమ్ హియర్ టు వరంగల్’ అని చెప్పాలి. ఆ తెలుగు వాక్యాల్లో చివరి రెండింటికి క్రియ కూడా లేదన్నది గమనించండి. ‘ఆయన డాక్టరు’ అని మనం రెండు మాటల్లో ముగించేస్తే, ఇంగ్లీషులో సబ్జెక్ట్ ‘హీ’తో పాటు ‘ఈజ్’ కూడా రావాలి. ‘ఇఫ్’ వంటి మాటతో కలిసిన రెండు భాగాల వాక్యంలో రెండు క్రియలకూ ఈ నియమం వర్తిస్తుంది. ‘వాన పడితే రాను’ అన్నదాన్ని ‘ఇఫ్ రెయిన్స్, విల్ నాట్ కమ్’ అని రాసే పిల్లలు అర్థంలో ఏ పొరపాటూ చేయలేదు, రెండు స్థానాలను ఖాళీగా వదిలారంతే. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ నాట్ కమ్’ అంటే రెండూ నిండుతాయి.

ఇదే కోవలో మరో మాట ‘దేర్’. ‘గదిలో రెండు కుర్చీలు ఉన్నాయి’ అన్నదానికి మనవాళ్ళు చెప్పే ఇంగ్లీషు ‘ఇన్ ద రూమ్ టూ చెయిర్స్ ఆర్ దేర్’. తెలుగు వాక్యంలో ‘ఉన్నాయి’ చివర వస్తుంది కనుక ‘ఆర్ దేర్’ను కూడా చివరికి నెట్టేస్తారు. ఇంగ్లీషులో ఒక వస్తువు ఉందని మొదటిసారి చెప్పేటప్పుడు ‘దేర్’ ముందుకు వచ్చి సబ్జెక్ట్ స్థానంలో కూర్చుంటుంది: ‘దేర్ ఆర్ టూ చెయిర్స్ ఇన్ ద రూమ్’. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్థానం ‘దేర్’దే అయినా ఈజ్ రావాలా, ఆర్ రావాలా అన్నది తర్వాత వచ్చే నామవాచకం నిర్ణయిస్తుంది. ఒక కుర్చీ అయితే ‘దేర్ ఈజ్’, రెండయితే ‘దేర్ ఆర్’.

ప్రశ్న: ‘నాకు ఆకలిగా ఉంది’, ‘నాకు జ్వరం వచ్చింది’, ‘నాకు తెలుసు’ వంటి వాక్యాలను ఇంగ్లీషులో చెప్పబోతే ముందుగా ‘టు మీ’ అనో ‘ఫర్ మీ’ అనో నోటికి వస్తోంది. ఆఫీసులో ‘ఫర్ మీ ఫీవర్’ అంటే నవ్వారు. దీనికి ఏదైనా సూత్రం ఉందా? – ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: నవ్వినవారిలో తెలుగువారుంటే వారు కూడా మొదట్లో ఈ దారినే వచ్చి ఉంటారు. శరీరానికో మనసుకో కలిగే స్థితిని చెప్పేటప్పుడు ఆ స్థితిని అనుభవించే మనిషికి ‘కు’ తగిలించడం తెలుగు వాక్యానికి సహజం. ఆకలి, జ్వరం, కోపం, జ్ఞాపకం మన దగ్గరికి వచ్చేవి. మనం వాటిని పొందేవాళ్ళం. మన నగరంలో తెలుగుతో పక్కపక్కనే బతికిన దక్కనీ ఉర్దూలోనూ ‘మేరెకూ మాలూమ్’ (నాకు తెలుసు) అన్నప్పుడు ఇదే పద్ధతి వినిపిస్తుంది, కాబట్టి పాతబస్తీ విద్యార్థికీ మీకూ వచ్చే చిక్కు ఒకటే.

ఇంగ్లీషులో అనుభవించే మనిషికే సబ్జెక్ట్ స్థానం దక్కుతుంది. కనుక స్థూలంగా ఒక సూత్రం చెప్పుకోవచ్చు: తెలుగు వాక్యం ‘నాకు’తో మొదలై, ఆ తర్వాత వచ్చేది శరీర స్థితి, మనఃస్థితి, తెలివిడి, ఇష్టం, అవసరం, బంధుత్వం లేదా వయసు అయితే ‘నాకు’ను ‘ఐ’గా మార్చండి. ఆ తర్వాత ఏ క్రియ రావాలన్నదే అసలు నేర్చుకోవలసిన సంగతి, ఎందుకంటే అక్కడ తెలుగు వాక్యం మనకు సాయం చేయదు. ఆకలి, దాహం, నిద్ర వంటివి ఇంగ్లీషులో విశేషణాలై ‘యామ్’తో వస్తాయి: ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ యామ్ థర్స్టీ’, ‘ఐ యామ్ స్లీపీ’. భయం, కోపం కూడా అంతే: ‘ఐ యామ్ అఫ్రెయిడ్’, ‘ఐ యామ్ యాంగ్రీ’. జబ్బులు మాత్రం నామవాచకాలుగానే ఉండి ‘హ్యావ్’ను కోరతాయి: ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’, ‘ఐ హ్యావ్ ఎ కోల్డ్’. తెలియడం, అర్థం కావడం, గుర్తుండడం, నచ్చడం, కావాలనుకోవడం అన్నవి నేరుగా క్రియలవుతాయి: ‘ఐ నో’, ‘ఐ అండర్‌స్టాండ్’, ‘ఐ రిమెంబర్’, ‘ఐ లైక్ ఇట్’, ‘ఐ వాంట్ టీ’. ‘నాకు ఇద్దరు అన్నలు’ అన్నది ‘ఐ హ్యావ్ టూ ఎల్డర్ బ్రదర్స్’ అవుతుంది. దీన్ని చూసి ‘నాకు ముప్పై ఏళ్ళు’ అన్నదాన్ని ‘ఐ హ్యావ్ థర్టీ ఇయర్స్’ అనేస్తారు కొందరు. వయసుకు ‘హ్యావ్’ పనికిరాదు, ‘ఐ యామ్ థర్టీ’ అనాలి.

అయితే ‘నాకు’ కనబడిన ప్రతిచోటా ‘ఐ’ పెట్టేయడం మరో పొరపాటుకు దారి తీస్తుంది. ‘మా అన్నయ్య నాకు డబ్బు పంపాడు’ అన్న వాక్యంలో పంపడం అన్న పని అన్నయ్యది, ‘పంపాడు’లోని ‘డు’ కూడా అతన్నే సూచిస్తోంది, కనుక ‘మై బ్రదర్ సెంట్ మీ మనీ’ అనాలి. క్రియాంతం ఎవరిని సూచిస్తోందో చూసుకుంటే ఈ తేడా తెలుస్తుంది. ‘నాకు ఆకలిగా ఉంది’లోని ‘ఉంది’ మిమ్మల్ని సూచించదు, వేరే మనిషినెవరినీ కూడా సూచించదు. అలాంటిచోట అనుభవించే మనిషిని ముందుకు తేవచ్చు. వేరొక మనిషి పని చేస్తున్నట్టు క్రియ చెబితే ఆ మనిషికే సబ్జెక్ట్ స్థానం ఇవ్వాలి. కొన్ని వాక్యాలను రెండు విధాలుగానూ చెప్పవచ్చు. ‘నాకు ఆశ్చర్యం కలిగింది’ అన్నదానికి ‘ఐ వజ్ సర్‌ప్రైజ్డ్’ అన్నా సరే, ‘ఇట్ సర్‌ప్రైజ్డ్ మీ’ అన్నా సరే. ‘నాకు అలా అనిపించింది’ అన్నప్పుడు ‘ఐ ఫెల్ట్ సో’ అనవచ్చు, ‘ఇట్ సీమ్డ్ సో టు మీ’ అనీ అనవచ్చు. ఈ రెండోదానిలో మీ నోటికి వచ్చే ‘టు మీ’కి కూడా న్యాయమైన చోటు దొరికింది.

మీకు ఊరట కలిగించే ఒక చారిత్రక విషయం కూడా చెప్పాలి. ఇంగ్లీషు కూడా ఒకప్పుడు మనలాగే మాట్లాడింది. పాత నాటకాల్లో కనబడే ‘మీథింక్స్’ అన్న మాటలోని ‘మీ’కి అర్థం ‘నాకు’, మొత్తం మాటకు అర్థం ‘నాకు అనిపిస్తోంది’. ‘లైక్’ అన్న క్రియ కూడా పాత రోజుల్లో ‘నచ్చు’ అన్న అర్థంలో, నచ్చిన వస్తువును సబ్జెక్ట్‌గా చేసుకుని వాడుకలో ఉండేది. ఆ తర్వాతి శతాబ్దాల్లో మనిషి ముందు స్థానంలోకి వచ్చి స్థిరపడ్డాడు.

ప్రశ్న: సబ్జెక్ట్ అంటే వాక్యంలో మొదటి పదమని మాకు చెప్పారు. క్రియను ‘ఎవరు’ అని ప్రశ్నిస్తే దొరుకుతుందని కూడా చెప్పారు. పొడవైన వాక్యాల్లో ఈ రెండూ పనిచేయడం లేదు. ‘ది ప్రైస్ ఆఫ్ మ్యాంగోస్ ఆర్ హై’ అని రాస్తే మార్కు పోయింది. – ఇంటర్ విద్యార్థి, మెహదీపట్నం

జవాబు: మొదటి సూత్రాన్ని ఈ రోజుతో వదిలేయండి. ‘ఇన్ 1908, ది మూసీ ఫ్లడెడ్ హైదరాబాద్’ అన్న వాక్యంలో మొదట ఉన్నది సంవత్సరం. సబ్జెక్ట్ మూసీ నది. ‘యెస్టర్‌డే ఈవినింగ్ ఎట్ ఆబిడ్స్ ఐ మెట్ మై టీచర్’ అన్నదానిలో కాలమూ స్థలమూ చెప్పడం అయ్యాక గాని ‘ఐ’ రాలేదు. రెండో సూత్రం మంచిదే గాని, ‘ఎవరు’తో పాటు ‘ఏది’ అని కూడా అడగాలి, వచ్చిన జవాబును పూర్తిగా తీసుకోవాలి.

మీ మార్కు పోయిన వాక్యంలో ఎక్కువగా ఉన్నది ఏది అని అడిగితే ‘మామిడిపండ్ల ధర’ అని జవాబు వస్తుంది. తెలుగులో వర్ణించే మాటలన్నీ ముందుకు వచ్చి, అసలు నామవాచకం చివర నిలుస్తుంది: మామిడిపండ్ల ధర, సికింద్రాబాద్ నుంచి కోఠికి వెళ్ళే బస్సులు, మా పక్కింట్లో ఉండే ముసలాయన. అందుచేత తెలుగు చదివే కన్ను క్రియకు దగ్గరగా ఉన్న నామవాచకాన్నే ముఖ్యమైనదిగా పట్టుకుంటుంది. ఇంగ్లీషులో వరుస తిరగబడి, అసలు నామవాచకం ముందు వచ్చేస్తుంది, ‘ఆఫ్ మ్యాంగోస్’, ‘ఫ్రమ్ సికింద్రాబాద్ టు కోఠి’, ‘హూ లివ్స్ నెక్స్ట్ డోర్’ వంటి తోకలు దాని వెనక చేరతాయి. క్రియ పక్కనే ‘మ్యాంగోస్’ కనబడుతోంది కదా అని ‘ఆర్’ రాసేశారు, కానీ క్రియ పొందిక పెట్టుకోవలసింది ‘ప్రైస్’తో. ‘ది ప్రైస్ ఆఫ్ మ్యాంగోస్ ఈజ్ హై’ అన్నది సరైనది. అదే విధంగా ‘ది బసెస్ ఫ్రమ్ సికింద్రాబాద్ టు కోఠి ఆర్ క్రౌడెడ్’ అనాలి. కోఠి ఒక్కటే అయినా బస్సులు అనేకం.

అనుమానం వస్తే రెండు పరీక్షలు పెట్టి చూసుకోవచ్చు. మొదటిది సర్వనామం పెట్టి చూడడం: ఎంతవరకు తీసివేసి అక్కడ హీ, షీ, ఇట్, దే అన్న మాటల్లో ఒకటి పెడితే వాక్యం నిలబడుతుందో అంతవరకూ సబ్జెక్టే. ‘ది ప్రైస్ ఆఫ్ మ్యాంగోస్’ మొత్తం తీసివేసి ‘ఇట్ ఈజ్ హై’ అనవచ్చు. రెండోది ఇంతకంటే నమ్మదగినది, వాక్యాన్ని అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నగా మార్చడం. ‘ది మ్యాన్ హూ ఈజ్ స్టాండింగ్ నియర్ ద గేట్ ఈజ్ మై అంకుల్’ అన్న వాక్యంలో ‘ఈజ్’లు రెండున్నాయి. ప్రశ్న వేస్తే ‘ఈజ్ ది మ్యాన్ హూ ఈజ్ స్టాండింగ్ నియర్ ద గేట్ యువర్ అంకుల్?’ అవుతుంది. రెండో ‘ఈజ్’ ముందుకు దూకింది, మొదటిది కదల్లేదు. ముందుకు దూకిన క్రియ దేన్ని దాటి వచ్చిందో అదంతా కలిపి సబ్జెక్ట్. అంటే ‘గేటు దగ్గర నిలబడి ఉన్న మనిషి’ అన్న మొత్తం పదబంధం. ‘ఈజ్’, ‘ఆర్’, ‘క్యాన్’, ‘విల్’ వంటి సహాయక క్రియలేవీ లేని వాక్యమైతే ‘డూ’, ‘డజ్’, ‘డిడ్’ ముందు చేరతాయి, వాటి వెంటనే వచ్చేది సబ్జెక్ట్.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ దిల్‌సుఖ్‌నగర్’ అన్నది కూడా ఈ జాతి వాక్యమే. ‘ఫ్రెండ్స్’ బహువచనంలో ఉన్నా ఉండేది ఒకరే కనుక ‘లివ్స్’. నడవడం, చదవడం వంటి పనులే సబ్జెక్ట్ అయినప్పుడు క్రియ ఏకవచనంలో ఉంటుంది: ‘వాకింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్’.

ప్రశ్న: ‘ది చార్మినార్ వజ్ బిల్ట్ ఇన్ 1591’ అన్న వాక్యంలో కర్త ఎవరు? కట్టింది చార్మినార్ కాదు కదా. సబ్జెక్ట్ అంటే పని చేసేదని చిన్నప్పుడు చదువుకున్నాను. – విశ్రాంత రైల్వే ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: మీరు చదువుకున్నది ఎక్కువ వాక్యాలకు సరిపోతుంది, అన్నిటికీ కాదు. పని చేసేవాడెవడు అన్నది అర్థానికి సంబంధించిన ప్రశ్న. సబ్జెక్ట్ ఏది అన్నది వాక్యంలోని స్థానానికీ, క్రియతో పొందికకూ సంబంధించిన ప్రశ్న. ‘ముహమ్మద్ కులీ కుతుబ్ షా బిల్ట్ ది చార్మినార్’ అన్నప్పుడు ఈ రెండింటికీ జవాబు ఒక్కరే. ‘ది చార్మినార్ వజ్ బిల్ట్ బై ముహమ్మద్ కులీ కుతుబ్ షా’ అన్నప్పుడు కట్టించినది ఆయనే, సబ్జెక్ట్ మాత్రం చార్మినార్. కుతుబ్ షాహీ సమాధుల గురించి చెబితే ‘ది టూంబ్స్ వర్ బిల్ట్’ అంటూ క్రియ ‘వర్’గా మారుతుంది; సమాధుల సంఖ్యను బట్టి క్రియ మారింది, కట్టించినవారిని బట్టి కాదు. క్రియను ఆ విధంగా మార్చగలిగేదే సబ్జెక్ట్. ‘ది డోర్ ఓపెన్డ్’ అన్న చిన్న వాక్యంలో కూడా తలుపు ఏ పనీ చేయలేదు, అయినా సబ్జెక్ట్ అదే.

ఇక్కడ తెలుగువారికి పనికొచ్చే మెలకువ ఒకటుంది. ‘చార్మినార్‌ను 1591లో నిర్మించారు’, ‘ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని 1918లో స్థాపించారు’, ‘రోడ్డు మూసేశారు’ అని మనం రోజూ అంటుంటాం. ఎవరు నిర్మించారు, ఎవరు మూసేశారు అన్నది చెప్పం. చివరి ‘రు’తోనే సరిపెడతాం. ఈ వాక్యాలను యథాతథంగా ఇంగ్లీషులో పెట్టబోతే సబ్జెక్ట్ దొరకక ‘క్లోజ్డ్ ది రోడ్’ అని ఆగిపోవలసి వస్తుంది. ఇలాంటిచోట పని జరిగిన వస్తువునే ముందుకు తెచ్చి ‘ది రోడ్ హ్యాజ్ బీన్ క్లోజ్డ్’, ‘ఉస్మానియా యూనివర్సిటీ వజ్ ఫౌండెడ్ ఇన్ 1918’ అనడం ఇంగ్లీషు పద్ధతి. మాటల్లో అయితే ‘దే హ్యావ్ క్లోజ్డ్ ద రోడ్’ అన్నా సరిపోతుంది. ఆ ‘దే’ ఎవరన్నది అక్కడ కూడా ఎవరూ పట్టించుకోరు. దీనికి తిరుగు ప్రయాణంలో, ఇంగ్లీషు చదివి తెలుగు రాసేవారు ‘నిర్మించబడింది’, ‘స్థాపించబడింది’, ‘మూసివేయబడింది’ అని వరుసగా రాసుకుంటూ పోవడం తెలుగు చెవికి ఇంపుగా ఉండదు. ఎవరి పద్ధతి వారికి ఉంచడమే మేలు.

ప్రశ్న: నాది టైలరింగ్ షాపు. ఇంగ్లీషు మాట్లాడే కస్టమర్లు పెరిగారు. ‘యువర్ ప్యాంట్ ఈజ్ రెడీ’ అంటే ఒకాయన ‘ఆర్ రెడీ’ అని సరిచేశారు. ఒక ప్యాంటుకు ‘ఆర్’ ఎందుకు? నాన్నగారి గురించి ‘మై ఫాదర్ ఆర్ కమింగ్’ అన్నా తప్పన్నారు. – దర్జీ, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సబ్జెక్ట్ ఏకవచనమా, బహువచనమా అన్నది ఇంగ్లీషు లెక్క ప్రకారం చూడాలి, మన లెక్క ప్రకారం కాదు. రెండు కాళ్ళున్న తొడుగులకూ, రెండు అలుగులున్న పనిముట్లకూ ఇంగ్లీషులో బహువచనమే: ‘యువర్ ట్రౌజర్స్ ఆర్ రెడీ’, ‘ది సిజర్స్ ఆర్ ఆన్ ద టేబుల్’. ప్యాంటు ఒక్కటేనని స్పష్టం చేయాలంటే ‘వన్ పెయిర్ ఆఫ్ ట్రౌజర్స్ ఈజ్ రెడీ’ అనవచ్చు. అప్పుడు సబ్జెక్ట్‌లో ముఖ్యమైన మాట ‘పెయిర్’ కనుక ‘ఈజ్’ వచ్చింది. షర్టుకు ఈ బాధ లేదు. దీనికి ఎదురు దిశలో పాలు, నీళ్ళు మన భాషలో బహువచనాలు, ఇంగ్లీషులో కాదు. ‘పాలు పొంగాయి’, ‘నీళ్ళు వేడిగా ఉన్నాయి’ అని మనం అంటే, వారు ‘ది మిల్క్ హ్యాజ్ బాయిల్డ్ ఓవర్’, ‘ది వాటర్ ఈజ్ హాట్’ అంటారు. ‘వార్తలు’ కూడా అంతే. ‘న్యూస్’ చివర ‘స్’ శబ్దం ఉన్నా ‘ది న్యూస్ ఈజ్ గుడ్’ అనే అనాలి.

నాన్నగారి విషయంలో మీ మనసులో ఉన్నది ‘వస్తున్నారు’ అన్న గౌరవ రూపం. తెలుగులో గౌరవం కోసం ఒక్కరికి కూడా బహువచన క్రియ వాడతాం, వాడకపోతే తప్పు పడతాం. ఇంగ్లీషులో ఆ పద్ధతి లేదు. ఎంత పెద్దవారైనా ఒక్కరైతే ‘హీ’ లేదా ‘షీ’, క్రియ ఏకవచనం: ‘మై ఫాదర్ ఈజ్ కమింగ్’. ‘సర్ ఆర్ ఇన్ ఎ మీటింగ్’ అన్న మాట నగరంలో చాలా కార్యాలయాల రిసెప్షన్ బల్లల దగ్గర వినిపిస్తుంది; అందులోని వినయం మెచ్చుకోదగినదే గాని, విన్నవారికి సార్లు ఎందరో ఉన్నారనిపిస్తుంది. గౌరవాన్ని ‘ప్లీజ్’, ‘సర్’, ‘మేడమ్’ వంటి మాటల్లో చూపండి, క్రియలో వద్దు.

ప్రశ్న: ప్రతి వాక్యానికీ సబ్జెక్ట్ ఉండాలంటారు. మరి ‘కమ్ హియర్’, ‘మైండ్ ద గ్యాప్’ వంటి వాక్యాల్లో లేదే? ‘రీచ్డ్ హోమ్’ అని అందరూ మెసేజ్‌లు పంపుతారు కదా? – కళాశాల విద్యార్థిని, నల్లకుంట

జవాబు: ఆజ్ఞ, విన్నపం, హెచ్చరిక చెప్పే వాక్యాల్లో సబ్జెక్ట్ ఎప్పుడూ వినేవారే కాబట్టి ‘యూ’ను పైకి పలకరు. అది లోపల ఉందనడానికి రుజువు కూడా ఉంది. ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’ అంటారు గాని ‘హెల్ప్ హిమ్‌సెల్ఫ్’ అనరు; కనబడని ‘యూ’ లేకపోతే ఆ ‘యువర్‌సెల్ఫ్’ ఎక్కడి నుంచి వచ్చినట్టు? ‘రీచ్డ్ హోమ్’ వేరే జాతి. పంపినవారెవరో ఫోను తెరమీదే కనబడుతుంది కనుక ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవారు కూడా మెసేజ్‌లలో, డైరీల్లో ‘ఐ’ని వదిలేస్తారు. పరీక్షలోను, దరఖాస్తులోను, ఆఫీసు మెయిల్‌లోను మాత్రం ‘ఐ హ్యావ్ రీచ్డ్ హోమ్’ అని నిండుగా రాయండి.

ప్రశ్న: ‘మై బ్రదర్ హీ వర్క్స్ ఇన్ గచ్చిబౌలి’ అంటే తప్పా? ‘మీ అండ్ మై ఫ్రెండ్ వెంట్’ అనడం సినిమాల్లో కూడా విన్నాను, అది సరైనదేనా? – పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: మొదటిది తప్పే. ‘మా అన్నయ్య ఉన్నాడే, వాడు గచ్చిబౌలిలో పనిచేస్తాడు’ అన్న తెలుగు ధోరణి అందులో ఉంది. ‘మై బ్రదర్’ వచ్చాక ఆ స్థానం నిండిపోయింది కనుక ‘హీ’కి అక్కడ చోటు లేదు.

రెండోదాన్ని ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవారు కూడా మాటల్లో అనడం నిజమే, రాతలో మాత్రం ‘మై ఫ్రెండ్ అండ్ ఐ వెంట్’ అని రాయాలి. ఇంగ్లీషులో సబ్జెక్ట్‌గా ఉన్నప్పుడు ఒక రూపం, కానప్పుడు మరో రూపం తీసుకునే మాటలు కొన్ని సర్వనామాలే: ఐ, మీ, హీ, హిమ్, షీ, హర్, వీ, అస్, దే, దెమ్, హూ, హూమ్. ఈ నియమాన్ని అతిగా పాటించి ‘షీ కాల్డ్ మై ఫ్రెండ్ అండ్ ఐ’ అనేవారూ ఉన్నారు. అక్కడ పిలిచింది ఆమె, పిలిపించుకున్నది మీరు, కనుక ‘మై ఫ్రెండ్ అండ్ మీ’ అనాలి. ఏది వాడాలో తేలనప్పుడు స్నేహితుణ్ణి కాసేపు పక్కన పెట్టి వాక్యం చెప్పి చూడండి. ‘షీ కాల్డ్ ఐ’ అని ఎవరి నోటా రాదు.